ఎక్కుతూ దిగుతూ కమకుర: ఎనొదెన్ లోకల్ రైల్లో సముద్రతీర పేటలు చూసే పద్ధతి

జపాన్‌లో టోక్యోకు దక్షిణంగా, రైల్లో ఇంచుమించు గంట దూరంలో, కమకుర అనే సముద్రతీర పట్టణం ఉంది. మూడు వైపులా కొండలు, నాలుగో వైపు సముద్రం. అక్కడి నుంచి పడమరగా ఫుజిసవ వరకు ఎనొదెన్ అనే చిన్న లోకల్ రైలు నడుస్తుంది. మొత్తం దారి 10 కిలోమీటర్లు, స్టేషన్లు 15. ఎక్కడా దిగకుండా కూర్చుంటే ముప్పావు గంట కూడా పట్టదు. చాలామంది యాత్రికులు అలాగే కూర్చుని, సముద్రం కనిపించిన ఆ కాసేపు ఫోను పైకెత్తి, అవతలి చివర దిగిపోతారు. అలా వెళ్లేవాళ్లను చూసినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది. ఈ రైలు ఇళ్ల పెరటి గోడలను రాసుకుంటూ పోతుంది. ఆరేసిన బట్టలు, వంటింటి కిటికీలు, మెట్ల మీద వరుసగా పేర్చిన పూలకుండీలు చేతికందేంత దగ్గరగా కదులుతుంటాయి. వీధి వైపు నుంచి కాకుండా పెరటి వైపు నుంచి ఊరిని చూపించే రైలు ఇది. ఆ పెరళ్లలోకి నడవాలంటే దిగాలి. ఎక్కడ దిగాలి, ఎప్పుడు దిగాలి, దిగి ఎటు నడవాలి అన్నదే ఈ మార్గదర్శి.

ముందు కాస్త చరిత్ర. 1185 ప్రాంతం నుంచి 1333 వరకు కమకుర షోగున్ల, అంటే సైనిక పాలకుల, రాజధాని. తరువాత శతాబ్దాల పాటు బెస్తపల్లెగా, గుళ్ల ఊరుగా మిగిలింది. 1880లలో బెల్జ్ అనే జర్మన్ వైద్యుడు ఇక్కడి సముద్రస్నానం ఆరోగ్యానికి మంచిదని ప్రచారం చేశాడు. 1889లో టోక్యో వైపు నుంచి రైలు వచ్చింది. దాంతో సంపన్నులు, రచయితలు తీరం పొడవునా విడిది ఇళ్లు కట్టుకున్నారు. ఎనొదెన్ మొదటి ముక్క 1902 సెప్టెంబరు 1న ఫుజిసవ వైపు మొదలై, 1910కి కమకుర చేరింది. పుట్టుకతో అది ట్రాము. అందుకే ఇంత ఇరుకు సందుల్లో, ఇంత దగ్గర దగ్గరగా ఆగుతుంది.

మొదటి మెట్టు: ఏ చివర నుంచి బయలుదేరాలి

కమకుర నుంచే మొదలుపెట్టండి, అదీ పొద్దున్నే. టోక్యో స్టేషను నుంచి జేఆర్ (జపాన్ రైల్వేస్) యొకొసుక లైను రైలు నేరుగా కమకుర వస్తుంది. 7:30కల్లా అక్కడ ఉంటే ఆ రోజు మీదే. పదిన్నర దాటాక ఎనొదెన్ ప్లాట్‌ఫాం మీద వరుస పెరుగుతుంది. సెలవు రోజుల్లో ఆ వరుస స్టేషను బయటికి కూడా పాకుతుంది. ఏప్రిల్ చివర, మే మొదట్లో వచ్చే గోల్డెన్ వీక్ సెలవుల్లో స్థానికులకు ప్రత్యేక పత్రం ఇచ్చి, వరుసతో పని లేకుండా లోపలికి పంపే ప్రయోగం కూడా ఇక్కడ చేశారు. ఆసుపత్రికో అంగడికో వెళ్లాల్సిన ముసలివాళ్లు తమ ఊరి రైలు తాము ఎక్కలేకపోతే మరి ఏం చేస్తారు? వీలైతే మామూలు పని దినాన రండి. పెద్ద సూట్‌కేసులు మాత్రం ఎనొదెన్‌లోకి తేవద్దు. కమకుర స్టేషనులో లాకర్లు ఉన్నాయి, అక్కడే పెట్టేయండి.

కమకుర నుంచి పడమరగా వెళ్తే సముద్రం ఎడమ చేతి వైపు వస్తుంది. ఎక్కువ పెట్టెల్లో సీట్లు గోడల వెంట పొడవుగా ఉంటాయి. కాబట్టి ఎడమవైపు కూర్చుంటే సముద్రం మీ వీపు వెనక ఉంటుంది. కుడివైపు కూర్చుని ఎదుటి కిటికీలోంచి చూడాలి. నా మాట వింటే అసలు కూర్చోకండి. మొదటి పెట్టెలో డ్రైవరు వెనక అద్దం దగ్గర నిలబడండి. పట్టాలు ఇళ్ల మధ్య ఎలా మెలికలు తిరుగుతాయో అక్కడి నుంచి కనిపించినట్టు మరెక్కడా కనిపించదు.

రెండో మెట్టు: టికెట్టు

ఒక్కో ప్రయాణానికి కనీస చార్జీ 200 యెన్లు. ఒకరోజు పాసు ధర 800 యెన్లు, అంటే నాలుగుసార్లు ఎక్కితే డబ్బు తిరిగొచ్చినట్టే. ఈ పద్ధతిలో మీరు ఏడెనిమిదిసార్లు ఎక్కుతారు. ఆ పాసు పేరు ‘నొరియొరి-కున్’. నొరియొరి అంటే ఎక్కడం, దిగడం. పాసుకు ఆ పేరు పెట్టినవాళ్లకు ఈ రైలు ఎందుకుందో బాగా తెలుసు. స్టేషనులోని టికెట్టు యంత్రంలో దొరుకుతుంది. పాసు వద్దనుకుంటే సుయిక, పాస్మొ అనే, ముందే డబ్బు వేసుకునే కార్డులు గేటు దగ్గర ఆనిస్తే చాలు. చిన్న స్టేషన్లలో గేట్లు ఉండవు, కార్డు ఆనించే స్తంభం మాత్రమే ఉంటుంది. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు రెండుసార్లూ మరచిపోకుండా ఆనించాలి.

మూడో మెట్టు: పద్నాలుగు నిమిషాల లెక్క

ఈ ఒక్క విషయం అర్థమైతే రోజంతా హాయిగా గడుస్తుంది. ఎనొదెన్ సింగిల్ లైను. ఎదురెదురుగా వచ్చే రైళ్లు దాటుకోవడానికి హసె, ఇనమురగసకి, ఎనొషిమ, కుగెనుమ స్టేషన్లలో జంట పట్టాలున్నాయి. ఇవి కాక షిచిరిగహమ దాటాక, ప్లాట్‌ఫాం లేని ఒక సిగ్నల్ చోటు ఉంది. అక్కడ రైలు సముద్రానికి ఎదురుగా ఊరికే ఆగి, అవతలి రైలు కోసం చూస్తుంది. దాటే చోట్లు ఇన్నే కాబట్టి జనం ఎంత పెరిగినా రైళ్లు పెంచలేరు. ఒకప్పుడు 12 నిమిషాలకొకటి నడిచేది. 2023 మార్చి నుంచి పగటిపూట 14 నిమిషాలకొకటి చేశారు.

కాబట్టి మీ నడకను పద్నాలుగు నిమిషాల ముక్కలుగా కొలుచుకోండి. ఒక గుడికి మూడు ముక్కలు, ఒక సందుకు రెండు. రైలు తప్పిపోయిందని పరుగెత్తాల్సిన పని లేదు, వెనకే ఇంకొకటి వస్తోంది. స్టేషన్ల మధ్య దూరం చాలా చోట్ల కిలోమీటరు కూడా ఉండదు. ఒక స్టేషనులో దిగి, పక్క స్టేషనుకు నడిచి, అక్కడ ఎక్కడం అన్నిటికంటే మేలైన పద్ధతి.

నాలుగో మెట్టు: వదజుక, యుయిగహమ, హసె

కమకుర తరువాత మొదటి స్టేషను వదజుక. 1213లో షోగున్ ప్రభుత్వాన్ని నడిపే పాలకులతో తలపడి నాశనమైన వద వంశం పేరు మీద ఉన్న మట్టిదిబ్బ దగ్గరలోనే ఉంది. పొద్దున్నే వచ్చినవాళ్లు ఇక్కడ దిగకుండా నేరుగా హసెకు వెళ్లండి. యుయిగహమ ఇసుక తీరానికి స్టేషను. జూలై, ఆగస్టు నెలల్లో అక్కడ తాత్కాలిక కొట్లు వెలుస్తాయి, ఈతకు జనం వస్తారు. తక్కిన కాలంలో కుక్కలను నడిపించేవాళ్లు, సర్ఫింగ్ పలకలు మోసుకెళ్లేవాళ్లు తప్ప ఎవరూ ఉండరు.

హసెలో దిగి పది నిమిషాలు ఉత్తరంగా నడిస్తే కొతొకు-ఇన్ ఆలయం, మహాబుద్ధుడు. గేటు 8 గంటలకు తెరుస్తారు, ప్రవేశం 300 యెన్లు. 1252లో పోత మొదలైన ఈ కంచు అమితాభుడు, పీఠం కాకుండా 11.3 మీటర్ల ఎత్తు, 121 టన్నుల బరువు. ఒకప్పుడు చుట్టూ మందిరం ఉండేది. పదిహేనో శతాబ్దం చివర పెనుఅల వచ్చి కొట్టుకుపోయిందని చెబుతారు. దాని పునాది రాళ్లు నేటికీ చుట్టూ ఉన్నాయి, జనం తెలియక వాటి మీద కూర్చుంటారు. అప్పటి నుంచి స్వామి ఎండలో, వానలో, ఆకాశం కిందే ఉన్నాడు.

బుద్ధుడి లోపలికి తప్పకుండా వెళ్లండి. ఇంకో 50 యెన్లు. లోపల చీకటి, కాస్త కంచు వాసన. కళ్లు అలవాటుపడ్డాక గోడల మీద గీతలు కనబడతాయి. పొర మీద పొరగా కంచు పోసుకుంటూ పైకి కట్టిన అతుకులు అవి. తల ఎత్తితే మెడ లోపలి భాగం మరో రంగులో ఉంటుంది. 1960 ప్రాంతంలో చేసిన మరమ్మతులో మెడకు లోపలి నుంచి బలం కట్టారు. బయటి నుంచి ఎంతో నిశ్చలంగా కనిపించే ఆ ముఖాన్ని నిలబెట్టడానికి ఎంతమంది చేతులు పనిచేశాయో లోపలికి వెళితేనే తెలుస్తుంది. అమరావతి శిల్పాలు చూసి పెరిగిన మనకు బుద్ధుడు రాతిలో అలవాటు. కంచులో ఆయన లోపల నిలబడడం వేరే అనుభవం.

తిరిగి వచ్చే దారిలో హసెదెరా ఆలయం ఉంది. తొమ్మిది మీటర్లకు మించిన కొయ్య కన్నొన్ విగ్రహం, అంటే మన అవలోకితేశ్వరుడు, లోపల కొలువై ఉంది. ఆలయం పైమెట్టు నుంచి యుయిగహమ తీరమంతా ఒక వంపుగా కనిపిస్తుంది. జూన్‌లో హైడ్రాంజియా పూల కోసం ఇక్కడ విపరీతమైన రద్దీ ఉంటుంది, పూలకొండకు గంటలకొద్దీ ఆగాల్సి రావచ్చు. పూలే ముఖ్యం కాకపోతే ఆ నెల వదిలేయండి.

ఐదో మెట్టు: హసె నుంచి గొకురకుజికి నడక

రైల్లో రెండు మూడు నిమిషాల దూరం ఇది. అయినా ఎక్కకండి. రోజంతటిలో నాకు ఎక్కువ ఇష్టమైన నడక ఇదే.

హసె స్టేషను నుంచి పట్టాలను కుడిచేతి వైపు ఉంచుకుని, సందుల్లో పడమరగా నడిస్తే గొర్యొ గుడి వస్తుంది. గుడి ముందు తొరీ, అంటే ప్రవేశ తోరణం. తోరణానికి అడుగుల దూరంలో పట్టాలు. గంట మోగుతుంది, గేటు దిగుతుంది, ఆకుపచ్చ, మీగడ రంగుల రెండు పెట్టెల రైలు తోరణం ఎదుట నుంచి జారిపోతుంది, గేటు లేస్తుంది. చీపురు పట్టిన ముసలాయన ఒకరు రైలు పోయేదాకా ఆగి, మళ్లీ ఆకులు ఊడ్చుకోవడం నేను చూశాను. ఫొటో తీసుకోండి, కాని పట్టాల మీదికి, గేటు లోపలికి వెళ్లవద్దు. ఇక్కడ రైలుకు, మనిషికి మధ్య దూరం నిజంగా తక్కువ. దగ్గరలోనే తరాలుగా నడుస్తున్న ఒక మిఠాయి కొట్టు ‘చికర మొచి’ అమ్ముతుంది. మెత్తటి బియ్యపు ముద్ద మీద ఎర్ర చిక్కుడు గింజల తీపి ముద్ద పూసి ఇస్తారు. మన పూర్ణాలను తిరగేసినట్టు ఉంటుంది. మాంసం, చేప ముట్టనివాళ్లకు ఇది నిశ్చింతగా తినే పలహారం.

అక్కడి నుంచి గొకురకుజి కనుమ దారి ఎక్కండి. కొండలతో మూసుకుపోయిన పాత కమకురలోకి రావడానికి కొండ తొలిచి చేసిన ఏడు దారుల్లో ఇది ఒకటి. మధ్యలో జొజు-ఇన్ గుడి మెట్లెక్కితే మళ్లీ సముద్రం. కనుమ దాటాక ఒక వంతెన వస్తుంది. ఆగి కిందికి చూడండి. ఎనొదెన్ మొత్తం దారిలో ఉన్న ఒకే ఒక సొరంగం, 1907లో ఇటుకతో కట్టిన నోరు, కింద కనిపిస్తుంది.

గొకురకుజి అంటే సుఖావతి ఆలయం. 1259 నాటిది. నిన్షొ అనే భిక్షువు ఇక్కడ పేదలకు, కుష్ఠు రోగులకు వైద్యశాలలు నడిపాడు. ఆవరణలో మందులు నూరిన పెద్ద రాతి పాత్ర ఉంది. లోపల ఫొటోలు తీయనివ్వరు. తీయనివ్వకపోవడమే మంచిది, అక్కడ అందరూ మెల్లగా నడుస్తారు. స్టేషను చెక్కతో కట్టిన చిన్న ఇల్లు, ముందు ఎర్రటి గుండ్రని పోస్టు డబ్బా.

ఆరో మెట్టు: సముద్రపు ముక్క

గొకురకుజిలో ఎక్కి ఇనమురగసకిలో దిగండి. స్టేషను నుంచి అయిదు నిమిషాల్లో కొండకొమ్ము. 1333లో నిత్త యొషిసద అనే సేనాని కొండదారులు ఛేదించలేక ఇక్కడికి వచ్చి, బంగారు పిడి కత్తిని సముద్రంలోకి విసిరి ప్రార్థిస్తే నీళ్లు వెనక్కి తగ్గాయని, ఆ ఇసుక మీదుగా సైన్యం కమకురలోకి చొరబడిందని కథ. ఆ ఏడే షోగున్ల రాజ్యం కూలింది. ఆటు సమయంలో ఆ కొమ్ము అడుగున నిలబడితే కథను నమ్మబుద్ధి అవుతుంది. అదే తోటలో మరో స్మారకం ఉంది. 1910 జనవరిలో పడవ మునిగి చనిపోయిన 12 మంది పిల్లలది. ఒక అన్న తమ్ముణ్ణి పట్టుకున్నట్టు చెక్కారు. దాని ముందు తొందరగా నడిచి పోలేం.

ఇక్కడి ఇసుక నల్లగా ఉంటుంది, ఇనుప రజను కలిసిన ఇసుక. చలికాలపు తేటైన రోజున పడమర ఎనొషిమ దీవి, దాని వెనక ఫుజి కొండ. డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు ఉదయంపూట కనిపించే అవకాశం ఎక్కువ. వేసవిలో దాదాపు ఆశ పెట్టుకోవద్దు.

తీరంలో తినేవాళ్లకు ఒక హెచ్చరిక. ఇక్కడి గద్దలకు మనిషి చేతిలో తిండిని లాక్కోవడం అలవాటైపోయింది. అవి ఎదురుగా రావు, వెనక నుంచి వస్తాయి. ఒకసారి మా పక్కన కూర్చున్న పాప చేతిలోని రొట్టె రెప్పపాటులో మాయమైంది. రెక్క చెంపకు తగిలి ఎర్రగా గీత పడింది, పాప చాలాసేపు ఏడ్చింది. గోడకు వీపు ఆనించి కూర్చోండి, లేదా పైకప్పు కింద తినండి.

షిచిరిగహమ, కమకురకోకోమయె స్టేషన్ల మధ్య రైలు సముద్రం పక్కనే సాగుతుంది. కోకోమయె అంటే హైస్కూలు ముందు. ఒక బాస్కెట్‌బాల్ కార్టూన్ ధారావాహిక పుణ్యమా అని ఈ స్టేషను పక్క రైల్వే గేటుకు దేశదేశాల నుంచి జనం వస్తారు. రోడ్డు మధ్యలో నిలబడి ఫొటోలు తీసుకునేవాళ్ల వల్ల కార్లకు, బడిపిల్లలకు, ఇళ్లవాళ్లకు ఎంతో ఇబ్బంది. కాపలావాళ్లను పెట్టాల్సి వచ్చింది. మీరు ఆ గుంపులో కలవకండి. ప్లాట్‌ఫాం బెంచీ మీద కూర్చుని ఒక రైలు వదిలేయండి. ఎదురుగా రోడ్డు, దాని అవతల సముద్రం, అడ్డం ఏమీ ఉండదు.

ఈ తీరం గురించి ఇంకో మాట సీరియస్‌గా చెప్పాలి. 1923 మహాభూకంపం తరువాత కమకుర తీరం మీద సునామీ పడింది. స్తంభాల మీద సముద్రమట్టానికి ఎంత ఎత్తులో ఉన్నారో చెప్పే పలకలు, కొండ వైపు చూపించే బాణాలు ఉంటాయి. దిగిన ప్రతి స్టేషనులో ఒకసారి వాటిని చూసుకోండి. నేల గట్టిగా కంపిస్తే రైలు కోసం ఆగకుండా ఎత్తుకు నడవండి.

ఏడో మెట్టు: కొషిగొయె, రోడ్డెక్కే రైలు

కొషిగొయె బెస్తల పేట. ఇక్కడి ప్లాట్‌ఫాం పొట్టిది. నాలుగు పెట్టెల రైలు వస్తే ఒక పెట్టె తలుపులు తెరుచుకోవు. ప్రకటన విని, అవసరమైతే ముందుగానే పక్క పెట్టెలోకి జరగండి. 1185లో యొషిత్సునె అనే వీరుణ్ణి అతని అన్న, తరువాత షోగున్ అయిన యొరితొమొ, కమకురలో అడుగుపెట్టనివ్వలేదు. ఇక్కడి మన్‌పుకుజి గుడిలో ఆగి, అతను అన్నకు మనసు విప్పి లేఖ రాశాడు. అన్న మనసు కరగలేదు.

మధ్యాహ్న భోజనం ఇక్కడే చేయండి. షిరసు అంటే సార్డీన్, మెత్తళ్ల వంటి చేపల గాజులాంటి పిల్లలు. పచ్చివి లేదా ఉడకబెట్టినవి వేడి అన్నం మీద పోసి ఇస్తారు. ఎండు మెత్తళ్లు తెలిసిన కోస్తావాళ్లకు ఉడికిన షిరసు రుచి ఇట్టే పట్టుబడుతుంది. జనవరి 1 నుంచి మార్చి 10 వరకు వేట నిషేధం, అప్పుడు పచ్చివి దొరకవు. శాకాహారులు ఇక్కడ జాగ్రత్త పడాలి. పులుసుల్లో చాలావరకు చేప కాచిన నీళ్లు ఉంటాయి. కమకురలోనే ఉమెబొషి, అంటే ఉప్పులో ఊరిన పుల్లటి పండు పెట్టిన అన్నపు ముద్దలు కొని తెచ్చుకోవడం మంచిది.

కొషిగొయె నుంచి ఎనొషిమకు రైలు మామూలు రోడ్డు మధ్యలో నడుస్తుంది. ఈ అర కిలోమీటరు రైల్లో కాదు, కాలినడకన వెళ్లండి. కొట్ల ముందు కాలిబాట మీద నిలబడితే, వెనక నుంచి రైలు వస్తుంది. కార్లు పక్కకు ఒదుగుతాయి, చేపలకొట్టు ఆవిడ తల కూడా ఎత్తదు. చివర ర్యుకొజి గుడి ముందు 28 మీటర్ల వ్యాసార్ధంలో రైలు పిల్లిలా ఒళ్లు వంచి మలుపు తిరుగుతుంది.

ఎనిమిదో మెట్టు: కుగెనుమ దాకా వెళ్లి వెనక్కి

ఎనొషిమ స్టేషను ముందు ఇనుప కమ్మీల మీద చిన్న పిచ్చుక బొమ్మలున్నాయి. ఊరివాళ్లు వాటికి ఊలుతో బట్టలు అల్లి తొడుగుతారు, కాలాన్ని బట్టి మారుస్తారు. వంగి చూడండి, కుట్టు ఎంత సన్నగా ఉంటుందో.

దీవికి వెళ్లకుండా ముందు రైలెక్కి కుగెనుమ వెళ్లండి. పాసు ఉంది కదా, వెనక్కి రావడానికి ఖర్చు లేదు. యాత్రికులు ఇక్కడ దిగరు. విడిది ఇళ్ల కాలంలో ఇసుకనేల మీద వేసిన పేట ఇది. సందులు తిన్నగా ఉండవు, పాత ప్రహరీల మీదుగా పైన్ చెట్లు వంగి ఉంటాయి. చూడాల్సిన ‘స్థలం’ ఏదీ లేదు. అరగంట నడిచి, దారి తప్పి, షొనన్‌కైగన్‌కోయెన్ స్టేషనులో తేలండి.

తొమ్మిదో మెట్టు: దీవి మీద సరస్వతి

సూర్యాస్తమయానికి రెండు గంటల ముందు ఎనొషిమ దీవికి బయలుదేరండి. డిసెంబరులో సూర్యుడు నాలుగున్నరకే దిగుతాడు, జూన్‌లో ఏడింటికి. స్టేషను నుంచి సుమారు పావుగంట నడిస్తే వంతెన, దాటితే మెట్లు. ఎక్కలేనివాళ్లకు 1959 నుంచి డబ్బు కట్టి ఎక్కే ఎస్కలేటర్లు ఉన్నాయి. అవి పైకి మాత్రమే, దిగడం కాళ్ల మీదే.

ఈ దీవి దేవత బెన్‌జైతెన్. ఎవరో కాదు, మన సరస్వతే. సువర్ణప్రభాస సూత్రంతో పాటు చైనా మీదుగా జపాన్ చేరింది. చేతిలో వీణకు బదులు బివ అనే తంత్రీవాద్యం. సంగీతం నేర్చేవాళ్లు ఇక్కడ మొక్కుకుంటారు. వేదకాలంలో ఆమె నది కదా, ఇక్కడ కూడా ఆమె గుళ్లు నీళ్ల ఒడ్డునే కడతారు. మొదటి సన్నిధి దగ్గర ఎనిమిది మూలల చిన్న మందిరంలో ఆమె విగ్రహాలున్నాయి. పిల్లలకు బాసరలో అక్షరాభ్యాసం చేయించే ఊళ్ల నుంచి వచ్చి, ఇంత దూరాన ఆ తల్లిని గుర్తుపట్టినప్పుడు నాకు గొంతు పట్టేసింది.

మూడు సన్నిధులూ దాటి దీవి పడమటి అంచుకు దిగితే చిగొగఫుచి రాతి బండలు. 1923 భూకంపంలో సముద్రం నుంచి మీటరు దాకా పైకి లేచిన నేల అది. అక్కడే కూర్చోండి. తడిసిన బండ జారుతుంది, అల అందేంత దూరం వెళ్లకండి. చీకటి పడకముందే మెట్లెక్కడం మొదలుపెట్టండి, పైకి చాలా ఉన్నాయి.

తిరుగు ప్రయాణానికి మూడు దారులు. ఎనొదెన్‌లో ఫుజిసవ వెళ్లి అక్కడ జేఆర్ రైలు పట్టుకోవడం ఒకటి. వంతెన దగ్గరలోనే, నాగలోకపు కోటలా కట్టిన కతసె-ఎనొషిమ స్టేషను నుంచి ఒదక్యు అనే కంపెనీ రైల్లో టోక్యోలోని షింజుకు వైపు వెళ్లడం రెండోది. మూడోది షొనన్ మోనోరైలు. పట్టా పైన, పెట్టె కింద వేలాడుతూ కొండల మీదుగా ఒఫున దాకా 6.6 కిలోమీటర్లు వెళుతుంది. పాసు చెల్లేది మొదటి దారిలో మాత్రమే. నేనైతే మొదటిదే ఎక్కుతాను. ఆ వేళకు యాత్రికులు తగ్గి, బడి నుంచి, పని నుంచి వచ్చేవాళ్లే మిగులుతారు. యనగికోజి, ఇషిగమి స్టేషన్లలో ఒక్కరిద్దరు దిగి, సంచి భుజానికి సర్దుకుని, వంటింటి దీపాలు వెలుగుతున్న సందుల్లోకి వెళ్లిపోతారు.